నత్త అన్నాను, అత్త కాదు

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం దీపావళికి ముందు వచ్చింది. ఇవాళ్టికి ధనుర్మాసం సగం అయిపోయింది. తిట్టు, పడతాను. మొదలుపెట్టిన జవాబు ఒకటి నిజంగానే సొరుగులో ఉంది, "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు" దాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్ చేద్దామంటే నీ చెవి సంగతి తెలిసిందేగా. మొన్న చేసినప్పుడు "ఓడలో నత్తని తిన్నానురా" అని నేను చెబితే, నువ్వు "అత్తని తిట్టావా? ఆవిడ పోయి పదేళ్ళయిందిగా" అని అరిచావు. అది చెల్లెమ్మ విని, నీ చెల్లెలికి ఫోన్ చేసి, మా ఇంట్లో నాకు రెండు రోజులు కాఫీ చల్లారిపోయాకే వచ్చింది. అందుకే ఈసారి కాగితం మీద రాస్తున్నా. కళ్ళజోడు పెట్టుకుని చదువు. న, నత్త.

మా తమ్ముడి కొడుకు మధ్యాహ్నం బండి మీద పాలకొల్లు వస్తున్నాడు. వాడి చేత ఈ ఉత్తరం, ఒక చక్రకేళి గెల పంపిస్తున్నాను. వాడు ఇప్పుడే అన్నానికి కూచున్నాడు. వాడు లేచేలోగా రాసెయ్యాలి.

కబుర్లు: అందరం బాగున్నాం. మోకాలు అలాగే ఉంది. కొబ్బరికాయ రేటు పరవాలేదు, దింపేవాడే దొరకట్లేదు. రావులపాలెం టీ కొట్టాయన నిన్ను అడిగాడు, ఆ గొడుగు ఇంకా దాచాడట. అయిపోయాయి.

ఇక అసలు సంగతి. అబ్బాయి సింగపూర్ రమ్మన్నాడని చెప్పాను కదా. వెళ్ళగానే మమ్మల్ని ఓడ ఎక్కించాడు. సింగపూర్లో ఎక్కడం, పెనాంగ్, ఫుకెట్ చూడటం, నాలుగు రాత్రుల తరవాత మళ్ళీ సింగపూర్లోనే దిగడం. ఓడంటే మనం పాపికొండలకి వెళ్ళిన లాంచీ అనుకునేవు. పెద్ద మేడ ఒకటి నీళ్ళ మీద నడుస్తున్నట్టు ఉంటుంది. సముద్రం ఎలా ఉంది, ఊళ్ళెలా ఉన్నాయి అని అడక్కు, అవి కలిసినప్పుడు చెబుతాను. నాకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేది తిండి సంగతి. నవ్వకు. సంక్రాంతికి నీ ఇంటికి కొత్తల్లుడు వస్తున్నాడు, నూటొక్క రకాలు పెడతానని రాశావు కూడా. నీకు పనికొచ్చే విషయమే.

తిండి ఖర్చు టికెట్లోనే కలిపేశారు. మొదటి పూట బఫే హాల్లోకి అడుగు పెట్టగానే ఒకమ్మాయి చేతుల మీద శానిటైజర్ కొట్టింది, పెళ్ళిలో పన్నీరు చిలకరించినట్టు. లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా గిన్నెలే. ముందు ఖాళీ చేతులతో ఒక చుట్టు తిరిగి, ఏముందో చూసుకుని, అప్పుడు చిన్న ప్లేటు తియ్యాలని మా కోడలు చెప్పింది. నేను వినలేదు. పెద్ద ప్లేటు తీసుకుని కనబడిందల్లా పెట్టేసుకున్నాను. నూడుల్సు, ఏదో తెల్ల సాసులో చేప, బంగాళదుంప ముద్ద, పప్పు, రెండు బన్ను రొట్టెలు, ఆ పైన కేకు. సాసు జారి వెళ్ళి కేకుని తడిపేసింది. సగం తినేసరికి పొట్ట నిండిపోయింది. మిగిలింది చూస్తే మా నాన్న ఎదురుగా వచ్చి కూచున్నట్టయింది.

కాకరకాయ పులుసు గుర్తుందా నీకు? ఏడో తరగతి వేసవి సెలవుల్లో, నువ్వు మెల్లగా విస్తరి మడవబోతుంటే ఆయన ఒక్క మాట అనకుండా పక్కన పీట వేసుకుని కూచున్నాడు. "నెమ్మదిగా కానియ్యి బాబూ, నాకేం పనిలేదు." మనం లేచేసరికి సాయంత్రం నాలుగు. ఆ మనిషి కొడుకుని నేను. అంత వదిలేసి ఎలా లేస్తాను? జేబురుమాలు తీశాను. అటూ ఇటూ చూసి రొట్టెలూ కేకూ మూట కట్టాను. అదే హాస్టలు పులిహోర విద్య, ఇన్నేళ్ళ తరవాత నడిసముద్రంలో. ఆ కేకు లాల్చీ జేబులో కరిగి రాత్రికి... సరే, నీ చెల్లెలు ఏమందో రాయను.

అక్కడ వడ్డించే కుర్రాడొకడు మలయాళీ. ప్లేట్లలో మిగిలిందంతా ఏం చేస్తారని అబ్బాయి అతన్ని అడిగాడు. మిషన్లో వేసి ముద్దగా రుబ్బేస్తారట. ఓడలన్నిటికీ అంతర్జాతీయ నియమం ఒకటి ఉంది. 25 మిల్లీమీటర్ల కంతల్లోంచి దిగేంత సన్నగా రుబ్బితే ఒడ్డుకి 3 నాటికల్ మైళ్ళు దాటాక, రుబ్బకపోతే 12 దాటాక, అదీ ఓడ నడుస్తుండగానే సముద్రంలో వదలొచ్చు. కొన్ని సముద్రాల్లో ఇంకా గట్టిగా ఉంటాయి రూల్సు. ప్లాస్టిక్ అయితే ఎక్కడా ఒక్క ముక్క కూడా వదలకూడదు. "పోన్లే, చేపలేగా తినేది" అన్నాను, నా తప్పు తేలికైపోయినట్టు.

నీ చెల్లెలు ఊరుకుంటుందా? "చేపలకి వెయ్యడానికి ఇంత దూరం రావాలా? వైనతేయ గోదారి లేదూ? రేవు మెట్ల మీద కూచుని వేద్దురుగాని" అంది. ఆవిడది లంకల గన్నవరం కదా. ఏరు దాటి వచ్చినవాళ్ళకి వేళాపాళా చూడకుండా వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి ఊరు. ఆ మహాతల్లి పోయింది 1909లో. మా ఆవిడ మాట్లాడితే మాత్రం నిన్న సాయంత్రం దాకా సీతమ్మ గారి వంటింట్లో ఉండి వచ్చినట్టు ఉంటుంది.

రెండో రాత్రి నుంచి పగ్గాలు ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయాయి.

ఆ రాత్రి బఫే కాదు, కూచోబెట్టి వడ్డించే హాలు. తెల్లగుడ్డ పరిచిన బల్ల, ఒళ్ళో ఇంకో గుడ్డ, చేతికి కార్డు. కార్డులో మూడు భాగాలు, ముందు తినే చిన్నవి, అసలు భోజనం, చివర తీపి. "ఒక్కొక్కటే చెప్పాలని లేదు నాన్నా, రెండు మూడు చెప్పినా వేరే డబ్బు ఉండదు, పక్కన రేటు రాసినవాటికే ఉంటుంది" అన్నాడు అబ్బాయి. కొన్ని ఓడల్లో అసలు భోజనంలోవి మూడోది అడిగితే బిల్లు వేస్తారట, మా ఓడలో లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కార్డు నా చేతిలోంచి లాక్కుంది.

ఆవిడ పద్ధతి చూడు. పెద్దవాళ్ళం నలుగురం, మనవడు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకూడదు. ఒక్కో వంటకం ఒక్క ప్లేటే. అన్నీ ఒకేసారి చెప్పకూడదు, మూడు వచ్చాక ఆకలి చూసుకుని నాలుగోది. అసలు భోజనంలోవి కూడా చిన్న ప్లేటులో, సగమే తెమ్మంటే తెస్తారని కోడలు చెప్పింది. నిజంగానే తెచ్చారు, మొహం చిట్లించకుండా. అన్నిటికంటే ముఖ్యం, ప్లేటు వచ్చాక ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఎంగిలి! పక్క బల్ల దగ్గర ఒక దొర, దొరసాని ఒకరి ప్లేటులో ఒకరు ఫోర్కులు గుచ్చుకుని తింటుంటే ఆవిడ కళ్ళు మూసుకుంది. ఖాళీ చిన్న ప్లేట్లు ఐదు, శుభ్రమైన చెంచా ఒకటి అడిగి తెప్పించింది. వచ్చిందల్లా మనిషికి రెండేసి చెంచాలు పంచి, మిగతాది మధ్యలో పెట్టింది. నచ్చినవాళ్ళు మళ్ళీ వేయించుకోవచ్చు. ఎవరికీ నచ్చకపోతే? ఆ రాత్రి ఆ అవసరం రాలేదు.

నాకు అప్పటిదాకా ఎంగిలి పట్టింపంటే ముసలమ్మల చాదస్తం అనే ఉండేది. ఆ బల్ల దగ్గర కూచుంటే అర్థమైందిరా. ముట్టనిది ఎవరైనా తింటారు. ఒక్కసారి ఎంగిలి పడిందా, ఇక అది ఒక్కడి మెడకే చుట్టుకుంటుంది. వాడు తినలేకపోతే మిషన్లోకే. తొమ్మిది వంటకాలు రుచి చూశాం ఆ రాత్రి. లెక్క పెట్టాను. తిరిగి వెళ్ళినవి ఒక నిమ్మచెక్క, ఒక చేప ముల్లు. సూపు ఒక్కటే ఇబ్బంది పెట్టింది, దానికి కాఫీ కప్పులు తెప్పించి పోసింది. ఆ మలయాళీ కుర్రాడు మొదట బిత్తరపోయాడు గానీ మర్నాటి నుంచి మేం కూచోకముందే ఖాళీ ప్లేట్లు పేర్చి ఉంచేవాడు. నాలుగో రాత్రికి నీ చెల్లెలు ఏం చెప్పినా "ఆయ్" అనడం కూడా నేర్చుకున్నాడు.

ఇక మూడో రాత్రి.

ఆ మధ్యాహ్నం మనవడు ఏదో పుడ్డింగు కావాలని గొడవ చేసి ఒక్క చెంచా తిని వదిలేశాడు. ఎవరికీ నచ్చలేదు. దాంతో కొత్త రూలు వచ్చింది, అడిగినవాడే మిగిలింది తినాలి. పిల్లాడి కోసం పెట్టిన రూలు అది. రాత్రి నేను కళ్ళజోడు గదిలో మర్చిపోయి వెళ్ళాను. అబ్బాయి పేర్లు చదువుతుంటే ఒక చోట "ఎస్కార్గో" అన్నాడు. నాకు అందులో కారం వినబడింది. మూడు రోజులుగా చప్పిడి తిండి, నా బాధ నీకేం తెలుసు! "అదీ, అది చెప్పరా" అన్నాను. వాడు నా మొహం వంక ఒకసారి చూశాడు. ఏమీ అనకుండా చెప్పేశాడు, వెధవ.

ప్లేటు వచ్చింది. గుంటపొంగణాల పెనం ఉంటుందే, అచ్చం అదే, చిన్న సైజుది. ఆరు గుంటలు. ఒక్కో గుంటలో వెన్న చిటపటలాడుతోంది, పైన పచ్చగా ఏదో ఆకు, వెల్లుల్లి వాసన గుప్పున కొట్టింది. "వాసన బాగుందే" అని నీ చెల్లెలు చెంచాతో ఒకటి పైకి తీసింది. నల్లగా, చిన్నగా, ఒక చివర చుట్ట తిరిగి ఉంది.

"ఇదేమిటిరా అబ్బాయ్?"

"నత్తలమ్మా."

చెంచా గాలిలో ఆగిపోయింది. "బాతులకి వేసేవా?"

"ఆ జాతి కాదమ్మా, వీటిని తినడానికే పెంచుతారు."

ఆవిడ చెంచాలోది మళ్ళీ గుంటలో పెట్టేసి, ప్లేటు ఒక వేలితో నా వైపు జరిపింది. రూలు ఎవరూ చదివి వినిపించక్కర్లేదు కదా. కోడలు నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది. వరికోతలయ్యాక మన చేలల్లో దిగే బాతుల మంద కళ్ళ ముందు కదిలింది. ఆ బురదలో ముక్కులు పెట్టి... పక్కన పీట వేసిన చప్పుడు కూడా వినబడింది నాకు. నెమ్మదిగా కానియ్యి బాబూ.

మొదటిది కళ్ళు మూసుకుని మింగేశాను. రెండోది నమిలాను. బాగా ఉడికిన పుట్టగొడుగులా ఉంది, కొంచెం సాగుతుంది, మిగతా రుచంతా వెన్నా వెల్లుల్లీదే. మనవడు పైకి లెక్కపెడుతున్నాడు, "త్రీ... ఫోర్...". ఐదోదానికి వచ్చేసరికి రొట్టెముక్కతో గుంటలు తుడుస్తున్నానురా నేను! మెరిసేలా తుడిచాను. పులస పులుసు గిన్నె దగ్గర కూడా నన్ను అలా చూసి ఉండవు. నీ చెల్లెలు ఆ రాత్రి నా పక్కన పడుకోవడానికి సందేహించింది.

అప్పుడు అబ్బాయి ఒక మాట అన్నాడు. "తాతయ్య నా దగ్గర కూడా అలాగే కూచునేవాడు నాన్నా, పీట వేసుకుని. మీరెవరూ ఇంట్లో లేనప్పుడు. నేను సగం తింటే మిగతా సగం ఆయన తినేసేవాడు." మా నాన్న! నా ప్లేటులోది, నీ ప్లేటులోది ఒక్క మెతుకు తిన్నాడా ఆయన ఎప్పుడైనా? మనవడికి మాత్రం... ఎంగిలి అని కూడా చూసుకోలేదన్నమాట. తరవాత కాసేపు నేను సముద్రం వైపు... సరే, అది కలిసినప్పుడు.

ఇంకోటి రాస్తున్నాను, ఇది చెల్లెమ్మకి చదివి వినిపించకు. ఆఖరి రాత్రి ఆవిడ సూట్‌కేసు సర్దుతుంటే, గాలికి తిరిగొస్తామని చెప్పి నేనూ అబ్బాయీ మళ్ళీ ఆ హాలుకే వెళ్ళాం. కుర్రాడు నన్ను చూసి, అడక్కుండానే, ఆరు గుంటల ప్లేటు తెచ్చాడు. ఇద్దరం చెరి మూడు. గదికొచ్చాక "వెల్లుల్లి వాసనేమిటి" అంది. సముద్రపు గాలి అన్నాను.

ఇప్పుడు నీ నూటొక్క రకాలు. ఆ మధ్య నరసాపురంలో 365 రకాలు పెట్టారని పేపర్లో చూసినప్పటి నుంచి నీకు పురుగు తొలుస్తోందని నాకు తెలుసు. పెట్టు, కాదనను. కానీ అన్నీ ఆ పిల్లాడి ముందే పరిచేసి ఫోటో తీసి, వాడు ఒక్కో అరిసె అంచు కొరికి వదిలేస్తే, మిగతాది ఎవరు తింటారు? నువ్వా? నీకు షుగరు. అన్నీ బల్ల మధ్యలో పెట్టి, చెల్లెమ్మనో మీ వియ్యపురాలినో చెంచా పట్టుకోమను. పిల్లాడు అడిగిందే వెయ్యాలి, రెండేసి చెంచాలు. తాపేశ్వరం కాజా ఒకటి నాలుగు ముక్కలు చెయ్యి. పెద్ద పెద్ద గిన్నెలు వద్దు, చిన్నవి చాలు. పనసపొట్టు కూర మాత్రం మనందరికీ సరిపడా చేయించు, నేనొస్తున్నాను కదా. ముట్టనివన్నీ సాయంత్రం వీధిలో పంచేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఆత్రేయపురం పూతరేకులు నేను తెస్తాను, నువ్వు చెప్పకు ఎవరికీ. మూడో అప్పడం సంగతి అల్లుడి ముందు ఎత్తావంటే మాత్రం మధ్యలోనే లేచి వచ్చేస్తా.

వీడు చెయ్యి కడుక్కుంటున్నాడు. మజ్జిగ కూడా తాగలేదు, ఏం కుర్రాళ్ళో. ఇంకా ఫుకెట్లో చెప్పులు పోయిన సంగతి రాద్దామనుకున్నా. నీ చెవి మిషను ఏమైంది, కొన్నావా? కాకినాడ వెళ్ళి చూపించుకోమని నెల క్రితమే

బండి స్టార్ట్ చేసేశాడురా. గెలలో పై రెండు అత్తాలూ పండిపోయాయి, ముందు అవి తినండి. అత్తాలంటే అరటి అత్తాలు, మళ్ళీ చెల్లెమ్మకి ఇంకోలా చెప్పి