వహాకా బజారు అక్కలకు, బండి అన్నలకు మా కృతజ్ఞతలు

మెక్సికో దక్షిణాన ఉన్న వహాకా నగరంలోనూ, చుట్టుపక్కల లోయ ఊళ్లలోనూ, స్పానిష్ నాలుగు ముక్కలు కూడా సరిగ్గా రాని మాకు తిండి పెట్టి, దారి చూపి, చిల్లర లెక్క సరిచూసి పంపిన వాళ్లందరికీ ఈ కృతజ్ఞతలు. పేర్లు రాయడం లేదు, చేసిన పని రాస్తున్నాం. "అక్కడివాళ్లు చాలా మంచివాళ్లు" అని ఒక్క మాటలో తేల్చేస్తే వాళ్లు పడిన శ్రమ కనబడదు. రేపు అటు వెళ్లే తెలుగువాళ్లకూ దానివల్ల ఒరిగేదేం లేదు.

ఆ లోయలోని మూలవాసులైన జపోతెక్ జనంలో గెలగెత్సా అనే పద్ధతి ఉంది. ఒక ఇంట్లో పెళ్లో, ఊరి పండుగ బాధ్యతో పడితే బంధువులూ ఇరుగుపొరుగూ టర్కీ కోళ్లు, మొక్కజొన్న, కోకో గింజలు, డబ్బు తెచ్చిస్తారు. ఎవరు ఎంత తెచ్చారో నోటుపుస్తకంలో రాసుకుంటారు. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు అంతా తిరిగి ముట్టజెబుతారు. మన పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం ముందు కూర్చునే పెద్దాయనను చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. జూలైలో నగరంలో జరిగే నాట్యోత్సవానికి కూడా ఈ పేరే. దారినపోయేవాళ్లం, వాళ్లింటి పెళ్లికి మేం వెళ్లేదీ లేదు, తిరిగి ఇచ్చేదీ లేదు. కనీసం పద్దు అయినా సరిగ్గా రాద్దామని కూర్చున్నాం.

మొదటి పద్దు మార్కెట్లలో కొమాల్ ముందు కూర్చునే అక్కలది. కొమాల్ అంటే పెనం. మట్టిదైతే అంటుకోకుండా సున్నపు నీళ్లు పూసి వాడతారు. శాకాహారులకు మెక్సికోలో అన్నిటికన్నా పెద్ద చిక్కు "కార్నే" అనే మాట. నిఘంటువులో దానికి మాంసం అనే ఉంటుంది. వాడుకలో మాత్రం చాలామందికి అది గొడ్డుమాంసం, పందిమాంసం వరకే. అందుకే "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అంటే "మరి కోడి వేయనా?" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. అది మోసం కాదు, నిర్లక్ష్యం కాదు, మాట పరిధి తేడా. మూడూ విడివిడిగా చెప్పాలి: నీ కార్నే, నీ పోయో, నీ పెస్కాదో. మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు.

అంతటితో అయిపోదు. కంటికి కనబడని చోట్ల కూడా ఉంటుంది. చిక్కుడుగింజల ముద్దలో మంతేకా, అంటే పందికొవ్వు, ఉండొచ్చు. ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే తమాలే పిండిలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఎర్రన్నాన్ని తరచూ కోడి మరిగించిన నీళ్లతో వండుతారు. మోలే పులుసు నల్లగా, కమ్మగా, ముక్కలేవీ లేకుండా కనబడినా దానిని పలచన చేసేది కూడా మామూలుగా ఆ కోడినీళ్లే. వహాకాకు పేరు తెచ్చిన త్లయూదా అనే పెద్ద మొక్కజొన్న రొట్టె, దాని చిన్నచెల్లెలు లాంటి మెమేలా, రెండిటి మీదా ముందుగా పూసేది అసియెంతో. పందికొవ్వు కాచాక అడుగున మిగిలే గోధుమరంగు మడ్డి అది. "సిన్ అసియెంతో, పోర్ ఫవోర్" (అసియెంతో లేకుండా, దయచేసి) అన్న ఒక్క మాట నేర్చుకోకుండా వహాకా వెళ్లొద్దు. నిశ్చింతగా తినగలిగేది మామూలు మొక్కజొన్న తోర్తియా, అంటే రొట్టె: మొక్కజొన్న, సున్నం, నీళ్లు, అంతే. గోధుమపిండిదైతే కొవ్వు కలుస్తుంది, అడగాలి.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, "యేవా మంతేకా?" (కొవ్వు కలిసిందా?) అని అడిగినప్పుడు ఆ అక్కలు "లేదు లేదు" అని అమ్మేసుకోలేదు. తమ వంటలో ఏమేం వేశారో గుర్తు చేసుకుని, ఒక్కో గిన్నె మూత తీసి చూపించి, ఇది తినొచ్చు, ఇది వద్దు అని వేలితో చెప్పారు. పెనం ఒక పక్క గీకి, తుడిచి, విడిగా పిండిముద్ద తీసుకుని మెమేలా ఒత్తి వేస్తారు. ఒక పక్క కాలగానే వేడివేడిగా ఉండగానే అంచును వేళ్లతో గిచ్చి చిన్న గట్టులా లేపుతారు, పైన వేసింది జారిపోకుండా. దాని మీద గుమ్మడిపువ్వు, నాగజెముడు ముక్కలు, దారం ఉండలా చుట్టిన కెసీయో జున్ను పీచులు. వెనక ఎంతమంది వరుసలో ఉన్నా ఆ మూల ఆ ఒక్కదాని కోసం ఖాళీగా ఉంచుతారు. అక్కా, ఆ మూల ఖాళీ పెట్టినందుకు మీకు నమస్కారం.

వెళ్లేవాళ్లు ఒక చీటీ స్పానిష్‌లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. తిననివి పై వరసలో, తినేవి కింది వరసలో. కింది వరస మర్చిపోతే చదివిన మనిషికి ఏం పెట్టాలో తోచదు. గుడ్డు, జున్ను, చిక్కుడుగింజలు, నాగజెముడు, పుట్టగొడుగులు అని చూడగానే వాళ్ల ముఖంలో వెలుగు వస్తుంది, వెంటనే చేతులు కదులుతాయి. ఫోనులోని అనువాద యాప్‌లో స్పానిష్‌ను ఊరిలో ఉండగానే ఆఫ్‌లైన్‌కు దింపుకోండి, కొండదారుల్లో సిగ్నల్ ఉండదు. ఇక దాహానికి "అగువా దె హమైకా" అడగండి. మన ఎర్ర గోంగూర మొక్కే అది. ఆకు వదిలేసి కాయ చుట్టూ ఉండే ఎర్రరేకులు ఎండబెట్టి, మరిగించి, చక్కెర కలిపి చల్లగా ఇస్తారు. మొదటి గుటకలోనే పులుపు గుర్తుపడతాం.

బజారులో బేరానికి వచ్చినవాళ్లనూ, అమ్మేవాళ్లనూ కూడా ఒకే మాటతో పిలుస్తారు: మర్చాంతా, మగవారైతే మర్చాంతె. ఆ పిలుపులోనే సగం భయం పోతుంది. పండు కోసి కత్తి మొన మీద ముక్క అందిస్తారు, రుచి చూడమని. తూకం అయ్యాక ఒక గుప్పెడు అదనంగా వేస్తారు, దాని పేరు పిలోన్. అచ్చంగా మన కొసరు. తోర్తియా అంగడిలో వరసలో నిలబడ్డ పిల్లలకు వేడి తోర్తియాలో చిటికెడు ఉప్పు వేసి చుట్టి చేతికిస్తారు, ఒక్కోచోట పెద్దవాళ్లకూ. డబ్బు తీసుకోరు.

అంకెల దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి. సెసెంతా 60, సెతెంతా 70. దోస్ 2, దోసే 12. మధ్యలో ఒక్క హల్లో, చివర ఒక్క అచ్చో తేడా. అందుకే చాలా దుకాణాల్లో అడగకుండానే కాలిక్యులేటర్‌లో కొట్టి మనవైపు తిప్పుతారు, లేదా అట్టముక్క మీద రాసి చూపిస్తారు. ధరల ముందు ఉండే గుర్తు డాలరు గుర్తే కానీ అది పెసో. అమెరికా నుంచి వెళ్లే మనవాళ్లు మొదటిరోజు దీన్ని చూసి కంగారు పడతారు. ఉదయాన్నే 500 నోటు తీస్తే చిన్న అంగళ్లలో చిల్లర ఉండదు, ఆవిడ పక్క మూడు అంగళ్లు తిరిగి తేవాలి. 20, 50, 100 నోట్లు దగ్గర పెట్టుకోవడం వాళ్ల పట్ల మనం చూపగలిగే మొదటి మర్యాద.

దారి అడగడంలో ఒక సంగతి. "దెరేచో" అంటే తిన్నగా, "దెరేచా" అంటే కుడికి. చివరి అచ్చు వినబడకపోతే ఊరి అవతల తేలతాం. చెయ్యి కూడా చూపించమని అడిగితే సందేహం తీరుతుంది. "అటేనా?" అని అడక్కండి, "ఎక్కడ?" అని అడగండి. "అటేనా?" అంటే కాదని చెప్పి నొప్పించడం ఎందుకని మొహమాటానికి అవునంటారు. తెలియదని చెప్పలేక ఏదో ఒక దారి చూపేవారూ ఉంటారు. ఇది మన ఊళ్లలోనూ ఉన్నదే. ఇద్దరు ముగ్గుర్ని అడిగి ఖాయం చేసుకుంటే సరి. పని మానుకుని మలుపు దాకా తోడు వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా దండాలు.

రాజధాని మెక్సికో సిటీ మీదుగా వెళ్లేవాళ్లకు అక్కడి మెట్రో పెద్ద దిక్కు. 1969లో మొదలైనప్పటి నుంచి ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ ఉంది, చపుల్తెపెక్‌కు మిడత, కొయొవకాన్‌కు తోడేలు లాంటి కొయోతె. చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టాలని పెట్టిన బొమ్మలవి, మొదటి లైన్లవి గీసింది డిజైనర్ లాన్స్ వైమన్. భాష రానివాళ్లకూ అంతే ఉపయోగం. అక్కడి తూర్పు టెర్మినల్ తపో నుంచి వహాకాకు బస్సులో ఆరేడు గంటలు. ఏసీ గట్టిగా ఉంటుంది, స్వెటర్ చేతిసంచిలో ఉండాలి.

లోయ ఊళ్లకు షేర్ టాక్సీలు నడుస్తాయి, వాటిని కొలెక్తీవో అంటారు. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక ముగ్గురు. నిండితేనే కదులుతుంది. నేత పనికి పేరున్న తెయోతిత్లాన్ దెల్ వయేకు మిత్లా వైపు పోయే బస్సు ఎక్కితే ఊళ్లోకి వెళ్లదు, అడ్డరోడ్డు దగ్గర దింపుతుంది. దాన్ని క్రుసేరో అంటారు. అక్కణ్ణుంచి ఊరు సుమారు 4 కిలోమీటర్లు. అది తెలియక దిగకుండా కూర్చుంటే నేరుగా మిత్లాలో తేలతాం. ఎక్కేటప్పుడే "మే అవీసా, పోర్ ఫవోర్" (వచ్చినప్పుడు చెప్పండి) అని ఊరి పేరుతో సహా చెప్పాలి. ఇక డ్రైవరన్న మర్చిపోయినా బండిలో ఉన్న మిగతావాళ్లు మర్చిపోరు. దిగాల్సిన చోటు రాగానే నాలుగు గొంతులు ఒక్కసారి లేస్తాయి. ఊళ్లలో తిరిగే మోటోటాక్సీలు చాలావరకు మన బజాజ్ ఆటోలే, వాటిని చూస్తే ప్రాణం లేచొస్తుంది.

చిన్న బస్సుల్లో వెనక కూర్చున్నవాళ్ల డబ్బులు చేతులు మారుతూ డ్రైవరు దాకా వెళ్తాయి, చిల్లర అదే దారిలో తిరిగి వస్తుంది. ఒక్క నాణెం తగ్గదు. చెమటతో తడిసిన అరచేతిలో ఆ రెండు నాణేలు పెట్టి మళ్లీ కిటికీ వైపు తిరిగిన ఆ మనుషులందరికీ కృతజ్ఞతలు.

కడుపు పాడైతే మందుల షాపు పక్కనే చిన్న గది ఉంటుంది, కొన్సుల్తోరియో అని రాసి ఉంటుంది. లోపల డాక్టరు ఉంటారు, ఫీజు తక్కువ. 2010 నుంచి చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మకూడదని నియమం, కాబట్టి షాపులో బతిమాలి లాభం లేదు, లోపలికి వెళ్లాలి. వెళ్లేముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకుంటే డాక్టరు పని సులువవుతుంది: ఎప్పటి నుంచి, ఎన్నిసార్లు, జ్వరం ఎన్ని డిగ్రీల సెల్సియస్, ఏ మందు పడదు. అమెరికా అలవాటున్నవాళ్లు ఫారెన్‌హీట్ చెబితే అర్థం కాదు. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి "మే దువెలే" (నొప్పిగా ఉంది) అంటే చాలు. "స్వేరో ఓరాల్" (మన ఓఆర్ఎస్) పొట్లం లీటరు శుద్ధిచేసిన నీళ్లలో ఒకటి, అరలీటరులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలు బదులు కీడు. ఎన్ని గుటకలు, ఎంతసేపటికి అన్నది గడియారం బొమ్మ గీసి మరీ వివరించే డాక్టర్లకు చేతులెత్తి మొక్కుతున్నాం.

ఇళ్లకు పిలిచి పెట్టినవాళ్ల గురించి ఎంత రాసినా తక్కువే. చిరునామా చెబుతూ "మీ ఇల్లు ఫలానా వీధిలో" అంటారు. మీ ఇల్లు అంటే వాళ్లిల్లే. మన వాళ్లు "మీ ఇల్లే అనుకోండి" అన్నట్టు, కాకపోతే ఆ "అనుకోండి" కూడా ఉండదు. అసలు భోజనం మధ్యాహ్నం రెండు, మూడు మధ్య. పొద్దున్న టిఫిను ఎక్కువ తింటే అక్కడ ఇబ్బంది. ఖాళీ చేతులతో వెళ్లకుండా బేకరీ నుంచి తీపి రొట్టెలో, పళ్లో పట్టుకెళ్తే చాలు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ఇంకాస్త వడ్డించనా అని అడిగినప్పుడు మనం నవ్వుతూ "గ్రాసియాస్" (ధన్యవాదాలు) అంటాం, పెట్టమన్న ఉద్దేశంతో. వాళ్లకు అది "చాలు" అని. గరిటె వెనక్కి వెళ్లిపోతుంది. కావాలంటే "సీ, పోర్ ఫవోర్" (అవును, దయచేసి) అనాలి.

చాక్లెట్‌ను వహాకాలో పాలతోనే కాదు, నీళ్లతోనూ కాస్తారు. చెక్క కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి, మనం మజ్జిగ చిలికినట్టే గిరగిరా తిప్పితే పైన బొటనవేలంత మందాన నురగ లేస్తుంది. ఆ నురగ అతిథి గిన్నెలో ఎక్కువ పడేట్టు పోస్తారు. పచ్చసొన వేసి చేసిన రొట్టె అందులో ముంచుకుని తినాలి.

మనకు ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. స్పానిష్ త, ద మన త, ద లాగే పళ్లకు తగులుతాయి, ట, డ కాదు. అచ్చులు ఐదే, రాసినట్టే పలుకుతాయి. "వస్తాను" అంటే "నేను" అక్కర్లేనట్టే అక్కడా క్రియలోనే ఎవరో తెలిసిపోతుంది. మీరు, నువ్వు తేడా కూడా ఉంది, పెద్దవాళ్లతో "ఉస్తెద్" అనాలి. మధ్యాహ్నం దుకాణంలోకి అడుగు పెడుతూనే "బ్వేనాస్ తార్దెస్" అని పలకరింపు, తింటున్నవాళ్ల పక్కనుంచి వెళ్తూ "ప్రొవేచో" (తృప్తిగా తినండి). ఈ రెండూ లేకుండా నేరుగా "ఎంత?" అని మొదలుపెడితే ఎంత మంచివాళ్లకైనా మనసు చిన్నబోతుంది. వాళ్లకు మన మాట వినబడకపోతే "మాందే?" అంటారు, మన "అండీ?" లాగా. విసుగు కాదది.

మరొక్కటి. ఆ లోయ బజార్లలో చాలామంది అక్కలకు ఇంటి భాష జపోతెక్. స్పానిష్ వాళ్లకూ నేర్చుకున్న భాషే. మాటలు వెతుక్కునే కష్టం వాళ్లకు తెలుసు, అందుకే మనం వెతుక్కుంటున్నప్పుడు తొందరపెట్టరు. జపోతెక్‌లో కృతజ్ఞతలు చెప్పే మాట ఊరికొక రకంగా ఉంటుంది, ఒక ఊరిది ఇంకో ఊళ్లో పనికిరాకపోవచ్చు. అందుకే ఇక్కడ రాయడం లేదు. ఆదివారం త్లకొలూలా సంతకు వెళ్లినప్పుడు, కొన్న జామపళ్లు సంచిలో వేసుకున్నాక, ఆ అక్కనే అడగండి. రెండుమూడుసార్లు పలికించి, నోరు సరిగ్గా తిరిగాకే పంపిస్తుంది.