మెయిల్ చివర ‘ఇట్లు’ ఏమైపోయింది?

సంపాదకులకు నమస్కారం.

మారతహళ్లిలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాను, రోజుకు ముప్పై మెయిళ్లు రాస్తాను, అన్నిటి కిందా ‘రిగార్డ్స్’ అని దానంతట అదే పడిపోతుంది. ఆఫీసుకు అది చాలు. కానీ పోయిన వారం ఊళ్లో ఉన్న మా తెలుగు మాస్టారికి మెయిల్ పంపాక చూసుకుంటే, పైనంతా తెలుగు, కింద మాత్రం అదే ‘రిగార్డ్స్’, నా హోదాతో సహా. ప్రాణం ఉసూరుమంది. పెద్దలకైతే ‘నమస్కారములతో’, అధికారికైతే ‘ఇట్లు తమ విధేయుడు’, చిన్నవాళ్లకు ‘ఆశీస్సులతో’ అని నేర్పింది ఆయనే కదా!

బ్రిటిష్ పద్ధతిలోనూ అంతే, ‘డియర్ సర్’ అని మొదలుపెడితే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పేరు పెట్టి రాస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’, అంటే చివరి మాట ఎవరికి రాస్తున్నామో చూసి ఎంచుకునేదే. ‘విధేయుడు’ నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది, సెలవు చీటీకి అంత మాట అక్కర్లేదు. ‘ఇట్లు, మీ’ అని పేరు రాస్తే ఎవరికైనా సరిపోతుంది. తెలుగువాళ్లకు రాసేటప్పుడైనా ఆ ఆటోమేటిక్ సంతకం తీసేసి రెండు ముక్కలు మనమే టైప్ చేద్దాం. మాస్టారికి మళ్లీ రాశాను, ‘నమస్కారాలతో, మీ శిష్యుడు’ అని.

ఇట్లు,
మీ పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు