బట్టమేకకు తీగ, రంపపు సొరకు వల

సంపాదకులకు,

బట్టమేక పిట్ట గురించి పత్రికల్లో తరచూ వస్తుంది. రంపపు సొర మాత్రం వలలో పడి ఫొటోకెక్కితే తప్ప వార్త కాదు. చట్టానికి రెండూ ఒకటే. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో బట్టమేక 1972 నుంచీ ఉంది, రంపపు సొరను 2001లో చేర్చారు. అన్నట్టు, పేరుకే సొర, జాతికి టేకు చేప (రే). మొప్పల చీలికలు పక్కల కాక పొట్టవైపు ఉండటమే గుర్తు.

రెండింటికీ ఒంటి తీరే ముప్పు. బట్టమేకకు పక్కల చూపెక్కువ, ఎదురు చూపు తక్కువ. పది పదిహేను కిలోల మగపక్షి కరెంటు తీగ కనబడ్డాక పక్కకు తప్పుకోలేదు. రంపపు సొరకు రంపంలా సాగిన ముట్టె, దానికి రెండు వైపులా పళ్లే. వల కన్ను పెద్దదైనా చిన్నదైనా ఏదో ఒక పన్ను చిక్కుతుంది, కొట్టుకునేకొద్దీ వల చుట్టుకుంటుంది. కన్ను సైజు పెంచాలన్న నిబంధన చిన్న చేపలకు మేలేమో గానీ, దీనికి ఒరిగేదేమీ లేదు.

తీగకు తగిలిన పక్షికి రెండో అవకాశం ఉండదు. అందుకే సుప్రీంకోర్టు 2021లో తీగలను భూమిలో వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఖర్చు కోట్లలో ఉంటుంది మరి. 1988లో ఏర్పాటైన మన రోళ్లపాడు అభయారణ్యం ఏళ్లుగా బట్టమేక కోసం ఎదురుచూస్తూనే ఉంది.

రంపపు సొర అలా కాదు. కళ్ల వెనక రంధ్రాలతో నీరు పీల్చుకుంటుంది గనక వల లాగేసరికి తరచు బతికే ఉంటుంది. దాన్ని బోటు మీదికి ఎక్కించకూడదు. మొప్పలు నీళ్లలోనే ఉంచి, పొడవాటి పిడి ఉన్న కత్తితో రంపం పొడవునా వల కన్నులు కోసుకుంటూ పోవాలి. రంపాన్ని అటూ ఇటూ విసురుతుంది, మనిషి దాని దారిలో నిలబడకూడదు. కొక్కెం గుచ్చకూడదు. వల మిగులుతుందని రంపమే నరికి వదిలేస్తే, ఆహారం వెతుక్కోవడానికీ పట్టుకోవడానికీ ఉన్న సాధనం పోయి చేప చస్తుంది.

అయితే కోసిన వల ఖరీదు ఎవరిస్తారు? చిక్కంతా ఇక్కడే. గుజరాత్‌లో వేల్ షార్క్‌ను వదిలేసిన జాలరి, ఫొటో చూపిస్తే అటవీ శాఖ వలకు పరిహారం ఇస్తోంది. మన మత్స్య, అటవీ శాఖలు అదే పద్ధతిని రంపపు సొరకు వర్తింపజేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. కత్తి, పరిహారం ఫారం బోటు బోటుకీ అప్పుడే అందించవచ్చు.

- ఒక పాఠకుడు, మచిలీపట్నం