వెరోనికాను తప్పుపట్టే ముందు

సంపాదకులకు నమస్కారం. యుద్ధకాలపు విషాద ప్రేమకథల ప్రస్తావన రాగానే హాలీవుడ్ చిత్రాలనే తలచుకునే మనం, మిఖాయిల్ కలతోజోవ్ దర్శకత్వంలో 1957లో వచ్చిన సోవియట్ చిత్రం ‘ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’ను మరచిపోకూడదని నా మనవి. 1958లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందిన చిత్రమిది.

కథానాయిక వెరోనికా ప్రేమించిన బోరిస్ స్వచ్ఛందంగా యుద్ధానికి వెళ్తాడు. బాంబుదాడిలో తల్లిదండ్రులను కోల్పోయిన వెరోనికా, అతని నుంచి ఉత్తరం ముక్కైనా రాని ఆ నిస్సహాయతలో, తనను బలవంతపెట్టిన అతని బంధువు మార్క్‌కే భార్య అవుతుంది. ఆమెను విశ్వాసఘాతకురాలిగా చూడడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. బోరిస్ కానుకగా ఇచ్చిన ఉడుత బొమ్మలో దాచిన చీటీ (ఉడుత అనేది అతను ఆమెను ముద్దుగా పిలిచే పేరు) ఎంతో ఆలస్యంగా బయటపడినప్పుడు, వెరోనికాగా నటించిన తతియానా సమోయిలోవా ముఖంలో కనిపించే వేదన ముందు ఏ తీర్పూ నిలవదు.

తూటా తగిలిన బోరిస్ కళ్ల ముందు భూర్జ వృక్షాలు గిర్రున తిరుగుతుండగా, జరగని పెళ్లి అతనికి కనిపించే దృశ్యాన్ని ఛాయాగ్రాహకుడు సెర్గేయ్ ఉరుసేవ్‌స్కీ మలచిన తీరు అపూర్వం. చివరికి రైల్వేస్టేషన్‌లో, అతనిక రాడని తెలిసిన వెరోనికా, తెచ్చిన పూలను తిరిగివచ్చిన సైనికులకూ వారి కుటుంబాలకూ పంచిపెడుతుంది. ఈ చిత్రం గురించి మీ సినిమా పేజీలో సమగ్ర వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు