కంప్రెసర్ రూము ఫోన్

గుంటూరు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? చిన్నదానికి జలుబు తగ్గిందా? మీ ఆఫీసులో కొత్త ఈపీఏబీఎక్స్, అదే లోపలి ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్ఛేంజీ, పెట్టారనీ, రెండంకెలు నొక్కితే నంబరు కలిసే స్పీడ్ డయల్ లిస్టు పని నీకు అప్పజెప్పారనీ రాశావు. మొన్నే మా కోల్డ్ స్టోరేజీలో ఆ పని నేను చేశాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

మార్చిలో ఇక్కడ ఎలా ఉంటుందో తెలుసుగా. మిర్చి యార్డు నుంచి రాత్రీ పగలూ లారీలు వస్తూనే ఉంటాయి, తేజ రకం మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, గేటు దాకా పేరుకుపోతాయి. అలాంటి ఓ రాత్రి పన్నెండు దాటాక కంప్రెసర్ రూములో, చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు వాసన వచ్చింది. వాచ్‌మన్ బాబాయి అక్కడి ఫోన్ ఎత్తి మెకానిక్‌కి చేస్తే కాల్ పోలేదు. బిల్లు ఎక్కువ వస్తోందని ఆ ఎక్స్‌టెన్షన్‌కి, అంటే ఆ గది ఫోన్‌కి, బయటి కాల్స్ లాక్ చేశాం. ఆయన సెల్లులో ఛార్జింగ్ లేదు. ఆఫీసు గదికి తాళం. పెద్దాయన రోడ్డు మీదికి పరుగెత్తి, ఓ లారీ డ్రైవర్‌ని నిద్రలేపి ఫోన్ అడిగి చేశాడు. వాల్వ్ దగ్గర చిన్న లీకు, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా పొద్దున ఆయన చెబుతుంటే నాకు ఒళ్లు చల్లబడిందిరా.

స్పీడ్ డయల్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఎవరి ఫోన్లో వాళ్లు పెట్టుకునేది. రెండోది ఆపరేటర్ ఫోన్ నుంచి పాస్‌వర్డ్ కొట్టి ఎక్కించేది, అది అందరికీ ఒకటే. లాక్ వేసిన ఎక్స్‌టెన్షన్ నుంచి కూడా ఈ రెండో లిస్టులోని నంబర్లకి కాల్ పోయేలా చాలా సిస్టమ్‌లలో పెట్టుకోవచ్చు. మీ టెక్నీషియన్‌ని ముందు ఇదే అడుగు.

మా ఓనరు గారు రాసిచ్చిన లిస్టులో పైన బ్యాంకు, ఆడిటరు, కమిషన్ వ్యాపారులు ఉన్నారు. వాళ్లని కిందికి దింపి, 01 మెకానిక్, 02 అంబులెన్స్, 03 ఫైర్ అని రాసి తీసుకెళ్లాను. ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

సున్నాల దగ్గర మాత్రం జాగ్రత్త. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకి చేస్తే ముందు సున్నా ఉండాలి కదా. మా దాంట్లో బయటి లైన్‌కి ఇంకో సున్నా, ఆ తర్వాత చిన్న పాజ్. అంటే సెల్ నంబరుకి 12 అంకెలు ఎక్కించాలి. 108కీ, 101కీ బయటి లైన్ సున్నా ఒక్కటే చాలు. పాత లిస్టుని చూసి ఎక్కించావంటే సగం నంబర్లు మోగవు. ఒక్కోటీ కొట్టి చూడు. మెకానిక్ నంబరు మారిన రోజే లిస్టులోనూ మార్చెయ్.

ఆ ఫోన్ బటన్ల మీద మిర్చి దుమ్ము పేరుకుని అంకెలు కనబడేవి కాదు. గుడ్డతో తుడిచి, పక్క గోడకి ఎర్ర స్కెచ్‌తో పెద్ద అక్షరాల్లో చార్టు రాసి అతికించాను. బాబాయి కళ్లజోడు లేకుండానే చదివేశాడు. నిన్న రాత్రి ఆయనే 01 నొక్కి, మెకానిక్ ఎత్తగానే "మోగుతోందిరా అబ్బాయ్, పడుకో" అని పెట్టేశాడట.

మీ లిస్టు పూర్తయ్యాక రాయి.

నీ పాత రూమ్మేట్