ఉచిత తెలుగు ఫాంట్లకు పేరు మార్చి, తాళం వేసి అమ్మొచ్చా?

సంపాదకులు గారికి నమస్కారం.

తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, పరీక్షలప్పుడు ప్రైవేటు స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, ఇవీ మా పనులు. టైపింగ్, డిజైనింగ్ నేను చూస్తాను, ప్రింటింగ్, డెలివరీ మా ఆయన చూస్తారు. రెండేళ్ల కిందట మేం వాడే డిజైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకొనే తెలుగు యాడ్ఆన్ ఒకటి ఏడాదికి 2,400 రూపాయల లెక్కన కొన్నాం. "రాయల్" అని పేరు పెట్టిన ఫాంట్లు, వాటితో పాటు తెలుగు కీబోర్డు. యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే అక్షరాల పద్ధతి కాబట్టి కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మేటర్ మళ్లీ టైపు చేయక్కర్లేదు, అలాగే పేస్ట్ చేసుకోవచ్చు, వత్తులు విడిపోవు అని షాపుకొచ్చి చూపించారు. అందులో అబద్ధం లేదు. ఇప్పుడు పెళ్లివారందరూ మేటర్ ఫోన్లోనే టైపు చేసి పంపుతున్నారు, నాకు రోజుకు గంట పని తగ్గింది. ఆ డబ్బు ఇచ్చినందుకు అప్పుడు నాకేమీ బాధ అనిపించలేదు.

మొన్న మాఘమాసం ముహూర్తాలప్పుడు ఒక రోజు పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసేసరికి మూడు శుభలేఖల్లో తెలుగు అక్షరం ఒక్కటి లేదు. "చి.ల.సౌ." ఉండాల్సిన చోట డబ్బాలు, ముహూర్తం ఉండాల్సిన చోట డబ్బాలు. ముందు రోజు రాత్రితో గడువు అయిపోయిందట, రెన్యువల్ చేయించుకుంటేనే ఫాంట్లు వస్తాయి, అదీ ఈసారి 3,600. ఒక పెళ్లివారు పదకొండింటికి ప్రూఫ్ చూడటానికి వస్తామన్నారు. ఆ టెన్షన్‌లో డబ్బు కట్టేద్దామనే కూర్చున్నాను.

సంక్రాంతి సెలవులకొచ్చి ఇంకా వెళ్లని మా అన్నయ్య కొడుకు ఆ టైముకి షాపులో ఉన్నాడు. గుంటూరులో బీటెక్ చదువుతున్నాడు. "ఉండత్తా, ఒకసారి చూడనీ" అని ఆ యాడ్ఆన్ ఫోల్డరు వెతికి పట్టుకున్నాడు. అది మామూలుగా కనబడకుండా దాచి పెట్టారు. అందులో రాయల్ 01, రాయల్ 02 అని వరసగా ఫైళ్లున్నాయి. నాలుగో దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఫాంటు నమూనా చూపించే చిన్న కిటికీ తెరుచుకుంది. పైన ఇంగ్లీషులో ఉన్న పేరు రాయల్ కాదు, గిడుగు. ఇంకొకటి తెరిస్తే మండలి. మరొకటి రామభద్ర. వాడు ఫోన్లో గూగుల్ ఫాంట్స్ సైటు తీసి, గిడుగు ఫాంటు అక్కడికక్కడే డౌన్‌లోడ్ చేసి, రెండింటిలోనూ "లక్ష్మీ" అని కొట్టి పక్కపక్కన పెట్టాడు. క్ష కింద మ వత్తు తిరిగే వంపు దగ్గర్నుంచి గుడి దీర్ఘం దాకా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. "అత్తా, ఇది ఎవరికైనా ఊరికే ఇచ్చేదే" అన్నాడు. కీబోర్డు సంగతి అడిగితే అది విండోస్‌లో ముందే ఉండే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికేనట, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటే చాలట. పదకొండింటికి ప్రూఫ్ ఇచ్చేశాం, రూపాయి కట్టకుండా.

ఆ సాయంత్రం అమ్మినాయనకు ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు, తడబడనూ లేదు. "మేడమ్, ఓపెన్ సోర్స్ ఎవరైనా అమ్ముకోవచ్చు, లైసెన్సే ఒప్పుకుంటుంది. మీకు తెలియదు, మేం వెతికి ఒకచోట పెట్టి ఇచ్చాం, దానికే డబ్బు" అన్నారు. ఈ ఉత్తరం రాయడానికి ఆ మాటే కారణం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది, ఆ సగం నిజం అడ్డం పెట్టుకునే ఇలాంటి వ్యాపారాలు నడుస్తున్నాయి.

మా మేనల్లుడు, నేను కూర్చుని ఆ లైసెన్సులు చదివాం. అమ్ముకోవచ్చన్నది నిజమే. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగలగాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985 ప్రాంతంలో తను రాసిన ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటింగ్ ప్రోగ్రామును టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు అమ్మేవారు. అప్పట్లో చాలామందికి ఇంటర్నెట్ లేదు, టేపు కొని, కాపీ చేసి, పోస్టులో పంపడానికి ఖర్చుంది, ఆయనకూ బతుకుతెరువు కావాలి. కాబట్టి డబ్బు తీసుకోవడమే పాపం అని నేననను. కానీ ఆ టేపు కొన్నవాళ్లు దాన్ని ఎంతమందికైనా కాపీ చేసి ఇచ్చుకోవచ్చు, లోపలి కోడ్ చదవొచ్చు, మార్చుకోవచ్చు. నాకు అమ్మిన యాడ్ఆన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చిన షరతుల్లో "ఈ ఫాంట్లను కాపీ చేయరాదు, ఇతరులకు ఇవ్వరాదు" అని ఉంది. అసలు తయారుచేసినవాళ్లు ఇవ్వొచ్చన్న దాన్ని మధ్యలో వచ్చిన మనిషి ఇవ్వకూడదంటున్నారు.

గిడుగు, మండలి లాంటి ఈ ఫాంట్ల లైసెన్సు పేరు ఓపెన్ ఫాంట్ లైసెన్సు. చాలా చిన్నది, రెండు పేజీలు కూడా ఉండదు. ఫాంటును ఒక్కదాన్నీ విడిగా అమ్మకూడదు, ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు అంటుంది. ఆ వెసులుబాటు పట్టుకునే ఆయన కీబోర్డు జత చేసి యాడ్ఆన్ అన్నారనుకుంటున్నాను. అక్కడి దాకా ఆయన్ని తప్పుపట్టలేను. అయితే అదే లైసెన్సు, హక్కుదారుల పేరు, లైసెన్సు పాఠం ప్రతి కాపీతోనూ ఉండాలని, అవి వాడేవాళ్లకు తేలిగ్గా కనబడాలని చెబుతోంది. ఫాంటు ఎక్కడికెళ్లినా ఇదే లైసెన్సుతో వెళ్లాలి, వేరే షరతులు పెట్టకూడదని కూడా చెబుతోంది. ఫోల్డరు దాచేసి, ఫైళ్ల పేర్లు మార్చేసి, ఏడాది తాళం వేసి, కాపీ చేయొద్దని రాయించుకున్నాక ఇంక ఏ లైసెన్సు ఒప్పుకున్నట్టు?

నాకు డబ్బు కన్నా ఆ పేర్లు చెరిపేయడమే ఎక్కువ కష్టమనిపించింది. ఈ ఫాంట్లను అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు తెలుగు వాళ్లందరికీ ఉచితంగా ఇచ్చారు. వాటికి రామభద్ర, ధూర్జటి, పెద్దన, తిమ్మన అని రాయల కొలువులోని కవుల పేర్లు, గురజాడ, సురవరం అని మన పెద్దల పేర్లు పెట్టారు. గిడుగు రామ్మూర్తి గారు మనం మాట్లాడే భాషే మనం రాసుకోవాలని జీవితాంతం పోరాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన పేరున్న అక్షరాలు మా షాపు సిస్టమ్‌లో రెండేళ్లు "రాయల్ 04" అయి కూర్చున్నాయి. అంతకు ముందు తరంలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అని రెండు యూనికోడ్ ఫాంట్లు చేసి ఇచ్చారు. ఆ రెండూ ఆ ప్యాకులో ఉన్నాయి, వేరే నంబర్లతో. తెలుగు ఫాంటు చేయడం ఇంగ్లీషు ఫాంటు చేసినట్టు ఇరవయ్యారు అక్షరాలతో అయిపోయేది కాదు. ప్రతి హల్లుకూ గుణింతం, ప్రతి హల్లుకూ వత్తు, వత్తు మీద వత్తు, "స్త్రీ"లో త వత్తు, ర వత్తు ఒకదాన్నొకటి ఢీకొట్టకుండా చూసుకోవాలి. రోజంతా ఆ అక్షరాలతోనే పని చేసేదాన్ని కాబట్టి ఆ కష్టం ఎంతో నాకు తెలుసు.

ఎండాకాలం మా బస్టాండు దగ్గర చలివేంద్రం పెడతారు. అక్కడి నీళ్లు సీసాలో పట్టి, ఎండలో బస్సు దిగలేని ముసలివాళ్లకు కిటికీ దగ్గర అందించి రెండు రూపాయలు తీసుకుంటే నేను తప్పనను, మోసిన కూలి అది. పెట్టినవాళ్ల పేరున్న బోర్డు పీకేసి, కుండకు తాళం వేసి, మా బావి నీళ్లని అమ్మితే ఊళ్లో ఎవరైనా ఊరుకుంటారా? అదీగాక అలాంటివి చూశాక మళ్లీ చలివేంద్రం పెట్టే మనసు ఎవరికుంటుంది?

ఇది మన దగ్గరే జరుగుతున్నదీ కాదు. ఫ్లైట్‌గేర్ అని విమానం నడిపే ఆట ఒకటుంది, ఎన్నో దేశాల వాలంటీర్లు ఏళ్ల తరబడి తయారుచేసింది. దాన్నే వేరే పేర్లతో, గొప్ప గొప్ప ప్రకటనలతో అమ్మేసరికి, ఇది మా దగ్గర ఉచితంగానే దొరుకుతుందని ఆ ప్రాజెక్టు వాళ్లే తమ సైటులో రాసుకోవాల్సి వచ్చింది. అదే సమయంలో బొమ్మలు వేసే క్రిటా సాఫ్ట్‌వేర్ వాళ్ల పద్ధతి చూడండి. వాళ్ల సొంత సైటులో ఉచితం, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బుకి, ఆ డబ్బు క్రిటా తయారీకే పోతుందని వాళ్లే చెబుతారు. మా మేనల్లుడు అంతా తెలిసే స్టోర్‌లో కొన్నాడు. మావాడే ఇంకోటి చెప్పాడు. సైట్లలో మన సమాచారం బయటపడకుండా కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014లో పెద్ద లోపం బయటపడింది, అప్పటిదాకా దానికి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లేనట. ప్రపంచమంతా వాడుకున్న పనికి అంత. నేను రెండేళ్లలో కట్టిన 4,800 రూపాయల్లో ఒక్క రూపాయి కూడా ఆ అక్షరాలు చెక్కినవాళ్లకు చేరలేదు.

అమ్మేవాళ్లను నేను మానేయమనడం లేదు. మా ఊళ్లోనే ఒకతను ఉన్నాడు, షాపుకొచ్చి ఉచిత ఫాంట్లు ఎక్కించి, కీబోర్డు నేర్పి, రాత్రి పదింటికి ఫోన్ చేసినా విసుక్కోకుండా చెబుతాడు, 500 తీసుకుంటాడు. "ఇవి ఫ్రీవే మేడమ్, నేను వచ్చినందుకే ఈ డబ్బు" అని ముందే అంటాడు. ఆ మాట మీ బిల్లు మీద ఒక్క వరుస రాస్తే మీకేం పోతుంది? అసలు పేరు ఉంచండి, ఎక్కడ ఊరికే దొరుకుతుందో రాయండి, తాళం తీసేయండి. అయినా మీ పని బాగుంటే మాలాంటివాళ్లం డబ్బిచ్చే తీసుకుంటాం, ఎందుకంటే ముహూర్తాల రోజుల్లో కూర్చుని వెతుక్కునే తీరిక మాకు ఉండదు.

పత్రికవారిని ఒక్కటి అడుగుతున్నాను. ఏటా ఆగస్టు 29న తెలుగు భాష మీద ప్రత్యేక వ్యాసాలు వేస్తారు. ఈసారి ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల పేర్లు, అవి చేసినవాళ్ల పేర్లు, దొరికే చోటు ఒక పట్టికలా వేయండి. అరపేజీ చాలు, మా లాంటి షాపులవాళ్లు కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

ఈలోగా మా షాపులో ఒక పెన్‌డ్రైవ్ పెట్టాను. ఫాంట్లన్నీ అసలు పేర్లతో, పక్కన లైసెన్సు ఫైళ్లతో ఉన్నాయి. మొన్న చుట్టుపక్కల డీటీపీ వాళ్లు ఇద్దరు వచ్చి కాపీ చేసుకెళ్లారు. వాళ్లలో ఒకరు వచ్చే నెలలో రెన్యువల్ కట్టాల్సినవారే.

— ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి