శనివారం గ్రంథాలయంలో బృంద పఠనం

తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు, తల్లిదండ్రులకు నమస్కారం.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం కనుక, ఆయన ఉపాధ్యాయుడిగా పనిచేసిన మన పర్లాకిమిడిలో ఈ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు పాఠశాల గ్రంథాలయంలో బృంద పఠనం మొదలుపెడుతున్నాం.

నలుగురేసి జట్టుగా కూర్చుని ఒకే కథను తీసుకోవాలి; ఒకరు పైకి చదువుతుంటే, మరొకరు కొత్త మాటలకు తెలుగులోను ఒడియాలోను అర్థాలు రాయాలి, ఇంకొకరు ప్రశ్నలు వేయాలి, నాలుగోవారు కథను సొంత మాటల్లో చెప్పాలి. తడబడుతూ చదివే పిల్లలు ఎవరూ వెనకబడకూడదన్నది నా పట్టుదల కాబట్టి, వేగంగా చదివేవారు ఆగి వారికి మాట అందించాలి. గిడుగు గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని సవర పిల్లల కోసం బడులు పెట్టారు. ఇంట్లో సవర మాట్లాడేవారు తమ మాటలను కూడా ఆ కొత్త మాటల అర్థాల పట్టికలో తప్పక చేర్చాలి.

జట్టు సభ్యుల పేర్లను గురువారం సాయంత్రంలోగా ఇక్కడే తెలపండి. ఇంట్లో ఉండిపోయిన గ్రంథాలయ పుస్తకాలను శనివారం మరచిపోకుండా తెచ్చి ఇవ్వండి.